మూడో అంతస్తు నుంచి చంద్రుడి మీదికి

నలభై రెండేళ్ళు రేకు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చేతులకి పది వేళ్ళూ ఉన్నాయి. అది చూసి చాలామంది నన్ను మహా జాగ్రత్తపరుడు అనుకుంటారు. పక్కనే పనిచేసిన మా వెల్డరుకి మాత్రం అసలు సంగతి తెలుసు. నేను కత్తెర పట్టుకున్న సేపు కంటే టీ గ్లాసు పట్టుకున్న సేపే ఎక్కువని తేల్చి చెప్పాడు. టీ గ్లాసు వేళ్ళు తెంపదు.

చదువు సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఆరో తరగతిలో బడి మానేశాను. చంద్రుడి మీద యంత్రాల్ని దించబోయిన తొలి రోజుల గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. ఉంది. ఆ యంత్రాల్లో కొన్ని దారి తప్పాయి, కొన్ని మూగబోయాయి, కొన్ని పడి నుగ్గయ్యాయి. మూగబోవడం ఒక్కటి తప్ప మిగతావన్నీ నాకు అనుభవమే.

రేపోమాపో పనుల్లో చేరబోయే మీకోసం ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్న వాళ్ళంతా నిక్షేపంగా ఉన్నారు, వాళ్ళందరికీ మా ఇల్లు తెలుసు.

మా షాపు యాంగోన్‌లోని పజుండౌంగ్‌లో, కాలువకి రెండు వీధులు ఇవతల. మా ముత్తాత ఓడ దిగి రేవులో బస్తాలు మోశాడు. తాతా మోశాడు. మా నాన్న బస్తా దించి సుత్తి పట్టాడు. నీళ్ళ ట్యాంకులు, వాన గొట్టాలు, ఉత్తరాల పెట్టెలు, గుడికి కావలసిన దీపం గూళ్ళు చేసేవాళ్ళం. వెల్డరు తండ్రి బర్మా ఆయన, తల్లి తెలుగావిడ. తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మాలోనే చెబుతాడు. ముప్ఫై ఏళ్ళు అలాగే మాట్లాడుకున్నాం. ఒక్కసారీ గట్టిగా తగవు పడలేదు. నేను తెలుగులో తిట్టి, అతను బర్మాలో తిట్టి, ఎవరు గెలిచారో తేలక ఊరుకునేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట, వానలు వెనక పట్టిన రోజుల్లో, ఒక పంతులమ్మ మా షాపుకి వచ్చారు. ఇక్కడ పంతులమ్మని సయామా అంటారు కదా, నేనూ అలాగే అంటాను. చౌక్తడాలో ఒక పాత మేడలో నడిచే ప్రైవేటు బడిలో ఆవిడ సైన్సు చెబుతారు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"ఇది చెయ్యగలరా?" అన్నారు.

కాగితం మీద మూడు కాళ్ళ పీట లాంటిది గీసి ఉంది.

"పీటా సయామా?"

"చంద్రుడి మీద దిగే యంత్రం."

"కాళ్ళెంత పొడుగు?" అన్నాను.

అంతకు ముందు నాలుగు షాపుల వాళ్ళు ఎందుకు, ఏమిటి, మీకు ఒంట్లో బాగుందా అని అడిగి పంపేశారట. నేనొక్కణ్ణే కాలి పొడుగు అడిగాను. ఆవిడ దాన్ని ధైర్యం అనుకున్నారు. నాకు విన్నది బుర్రకెక్కలేదంతే.

తర్వాత కూర్చోబెట్టి టీ తెప్పిస్తే అసలు కష్టం చెప్పారు. వాళ్ళ బడిలో కింది అంతస్తున ఒక సైన్సు గది ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ పాఠం చెప్పేది అందులోనే. త్రాసులు తుప్పు పట్టాయి, మైక్రోస్కోపుకి అద్దం లేదు, బీరువాలో బొద్దింకలు కాపరం పెట్టాయి. బడి పెద్దావిడ ఆ గది ఖాళీ చేయించి, ఫంక్షన్లకి వాడే ప్లాస్టిక్ కుర్చీలు దొంతర్లుగా పెట్టించాలని చూస్తున్నారు. ఆ పెద్దావిడని సయామాజీ అంటారు. జీ అంటే బర్మాలో పెద్ద అని. సయామా వెళ్ళి బతిమాలితే ఆవిడ అన్నారట: "ఎగ్జిబిషన్ రోజున ఆ గదిలోంచి పనిచేసే వస్తువు ఒక్కటి తెచ్చి చూపించు. అప్పుడు చూద్దాం."

"మరి చంద్రుడే ఎందుకు సయామా? పనిచేసే పంపు ఒకటి చేసిస్తాను. నీళ్ళొస్తే అందరికీ సంతోషం."

"మనుషులు చంద్రుడి మీద దిగారని అందరికీ తెలుసు. అంతకు ముందు యంత్రాలు ఒంటరిగా వెళ్ళి ఎన్ని దెబ్బలు తిన్నాయో ఎవరికీ తెలియదు. నా పిల్లలకి అది తెలియాలి."

ఇరవై ఏళ్ళ గది పోతుందని వచ్చిన మనిషి, దెబ్బలు తిన్న యంత్రాల గురించి బాధపడుతోంది. నాకు ముచ్చటేసింది. చేస్తానన్నాను.

మొదటి చిక్కు వేగం తగ్గించడం. గొడుగు కడదామన్నాను.

"చంద్రుడి మీద గాలి లేదు. గొడుగు పనికిరాదు."

"మా షాపులోనూ గాలి లేదు సయామా. అయినా పని సాగుతోంది."

ఆవిడ నవ్వలేదు. ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవాళ్ళని నవ్వించడం అంత తేలిక కాదు. అసలు యంత్రాలకి కింది వైపు మండే ఇంజను ఉంటుందని, దిగుతున్న కొద్దీ అది పైకి తోస్తూ వేగం చంపుతుందని, చివర రెండు మూడు మనుషుల ఎత్తు మిగిలాక దాన్ని ఆపేస్తే యంత్రం దానంతట అదే కింద పడి కాళ్ళ మీద నిలుచుంటుందని చెప్పారు. బడిలో మంట పెట్టనివ్వరు. ఇంజనుకి బదులు ఏం చెయ్యాలా అని బుర్ర గోక్కుంటూ వీధిలోకి వచ్చి పైకి చూశాను. జవాబు మూడో అంతస్తు నుంచి వేలాడుతోంది.

యాంగోన్‌లో పెరిగిన మీకు ఆ తాడు సంగతి చెప్పనక్కర్లేదు. మెట్లు దిగలేని వాళ్ళు, దిగడానికి బద్ధకించే వాళ్ళు, అందరి బాల్కనీల నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. చివర ఒక క్లిప్పో బుట్టో ఉంటుంది. కింద పేపరువాడు, కూరలమ్మి, తమ సరుకు తగిలించి తాడు ఒక్క గుంజు గుంజితే పైవాళ్ళు లాగేసుకుంటారు. మా షాపు పైన మూడో అంతస్తులో ఉండే పిన్ని (నాకు చుట్టరికం లేదు, వీధి అంతటికీ పిన్నే) మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడం దాదాపు మానేసింది. పొద్దున్న తినే మొహింగా, అదే చేపల పులుసు సేమ్యా, గిన్నె దగ్గర్నుంచి దేవుడికి పువ్వుల దాకా ఆవిడకి అన్నీ ఆ తాడు మీదే పైకి వెళ్తాయి.

సరే, జింకు రేకుతో డబ్బా చేశాను. గొట్టాలతో మూడు కాళ్ళు వెల్డరు అతికించాడు. అంతా కలిపి రెండు వీశల బరువు తేలింది. దిగినట్టు తెలియడానికి లోపల ఒక కాలింగ్ బెల్ పెట్టాం, పిట్టలా కూసే రకం. కాళ్ళు గట్టిగా నేలకి తగిలితే రెండు రేకులు కలిసి పిట్ట కూస్తుంది. కింద చంద్రుడికి ఏటి ఇసుకలో పొయ్యి బూడిద కలిపి పరిచాం. గుంటల కోసం గిన్నెలు బోర్లించి నొక్కాం. డబ్బాని తాడుకి కొక్కెంతో తగిలించి, కొక్కేనికి ఒక పిన్ను, పిన్నుకి సన్న దారం కట్టాను. తలంత ఎత్తుకి దిగాక కింద నుంచి దారం లాగితే పిన్ను ఊడి డబ్బా పడుతుంది. దారం లాగే పని నాది. అంత ముఖ్యమైన పని ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

మొదటిసారి పిన్ని బాల్కనీలో వెల్డరు నిలబడి దించాడు. కాలువ వైపు నుంచి గాలి కొట్టింది. డబ్బా ఊగి ఊగి చంద్రుణ్ణి వదిలేసి, పక్కన ఆగి ఉన్న సైకా, అంటే సైకిలు రిక్షా, సీట్లో కూర్చుంది. సైకా తొక్కేవాడు పేపరు చదువుకుంటున్నాడు. బరువు తగిలేసరికి తలెత్తకుండానే "ఎక్కడికి?" అని అడిగాడు.

"చంద్రుడి మీదికి" అన్నాను.

"అటు ట్రాఫిక్కు" అని పేజీ తిప్పాడు.

సయామా ఏమీ నొచ్చుకోలేదు. "తొలి రోజుల్లో కొన్ని ఇలాగే చంద్రుణ్ణి తప్పి పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి" అన్నారు.

"పాపం, వాటికి సైకా దొరకలేదు."

రెండోసారి నేను పైకి వెళ్ళాను, దారం మనసొప్పకపోయినా వెల్డరుకిచ్చాను. డబ్బా తిన్నగా ఇసుక మీదే పడింది. పడి, ఒక కాలు కడుపులోంచి పొడుచుకుని పైకి వచ్చింది. పిట్ట కూయలేదు. సయామా వంగి దాన్ని చూస్తూ, దగ్గరి చుట్టాల సంగతి చెబుతున్నట్టు చెప్పారు. ఒకటి దారిలోనే మూగబోయి, మూగగానే వెళ్ళి చంద్రుణ్ణి గుద్దుకుందట. ఇంకోటి తిన్నగానే వెళ్ళింది కానీ ఆఖరి నిమిషంలో కెమెరా కన్ను తెరవలేదట. ఎవరో ఎక్కడో గుండెలు బాదుకుని ఉంటారు. ఆవిడ గొంతులో మాత్రం ఎకసెక్కం లేదు.

మూడోసారికి పాత సోఫా స్ప్రింగులు తెచ్చి కాళ్ళ కింద పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. డబ్బా ఇసుకని తాకి, తాకినంత జోరుగా పైకి ఎగిరి, గాలిలో ఒక పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. కాళ్ళు ఆకాశంలోకి చాపుకుని, చావబోయే బొద్దింకలా, పిట్ట కూత మాత్రం ఆపకుండా కూసింది.

సయామా చప్పట్లు కొట్టారు. "మాట్లాడింది" అన్నారు.

"తలకిందులుగా మాట్లాడితే లెక్కలోకొస్తుందా సయామా?"

"అసలు మొట్టమొదట మెత్తగా దిగినదాన్ని గాలి సంచుల్లో చుట్టి విసిరేశారు. బంతిలా గెంతి, దొర్లి, ఆగాక పువ్వులా విచ్చుకుని ఫోటోలు పంపింది."

"అయితే మనమూ నాలుగు సైకిలు ట్యూబులు చుడదాం."

"వద్దు. సయామాజీకి దొర్లేవి నచ్చవు. నిలబడేది కావాలి."

ఆవిడ వెళ్ళిపోయారు. ఎగ్జిబిషన్ ఇంకా పది రోజులే ఉంది. పక్క టీ దుకాణం వాడు ఖాళీ అయిన పాలడబ్బాలు గోడవారన పోస్తాడు. కోపం పట్టలేక ఒకదాన్ని కాలితో తొక్కాను. కర్రుమని నలిగి, అలాగే ఉండిపోయింది. ఎగరలేదు, దొర్లలేదు. వెల్డరు చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకోటి తొక్కు" అన్నాడు బర్మాలో.

తొక్కాను. అదీ అలాగే నలిగి ఊరుకుంది. స్ప్రింగు దెబ్బకి దెబ్బ తిరిగిచ్చింది, అందుకే వెల్లకిలా పడ్డాం. మాకు కావలసింది దెబ్బంతా తను పుచ్చుకుని, నలిగి, నోరెత్తకుండా కూర్చునేది. అలాంటి వస్తువు మా గోడవారన రోజుకి ముప్ఫై పోగవుతుంటే నేను సోఫాలు విప్పుతున్నాను. డబ్బాలకి నిలువుగా సన్నగా గాట్లు పెట్టి, ఒక్కో కాలికి ఒకటి తొడిగాం. మర్నాడు సయామా వచ్చి చూసి నిజంగానే నవ్వారు. చంద్రుడి మీద దిగిన మూడు కాళ్ళ యంత్రానికి కూడా నలిగిపోయే అల్యూమినియం దిమ్మలే పెట్టారట. ఎవరో పెద్ద చదువులు చదివి చేసిన ఆలోచన, నేను కాలితో చేశాను.

ఇక మిగిలింది తాడు. నేను దించినా, వెల్డరు దించినా కుదుపు తప్పడం లేదు. నాలుగు రోజులుగా తన బాల్కనీలో మా తొక్కిసలాట చూస్తున్న పిన్ని ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఏటిరా అది, తాడా, గేదె పలుపా? అలాగ గుంజుతావేటి?"

"బరువుంది పిన్నీ."

"బరువా? ఈ తాడు మీద నాను ఎన్నేళ్ళ బట్టి పులుసు గిన్ని లాగుతన్నానో ఎరుకా? ఒక్క సుక్క ఒలికినాదేటి? ఇలాగియ్యి. అవతలికి లెగు."

చీర చెంగు బొడ్లో దోపి తాడు అందుకుంది. డబ్బా ఊగలేదు. వణకలేదు. గాలి వచ్చినప్పుడు ఆగింది, గాలి పోయాక దిగింది. తలంత ఎత్తులో నిలిచింది. నేను దారం లాగాను. పాలడబ్బాలు కర్రుమన్నాయి, డబ్బా నిలబడింది, పిట్ట కూసింది. ఎగ్జిబిషన్ లోపు పిన్ని ఎనిమిదిసార్లు దించింది. ఎనిమిదిసార్లూ కూసింది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. ఎగ్జిబిషన్ రోజు పొద్దున్న పిన్ని మెట్లు దిగడానికి అరగంట పట్టింది. టాక్సీలో చౌక్తడా వెళ్ళాం. బడి మేడకి లిఫ్టు లేదు. నలుగురు మేష్టర్లు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఊరేగింపులో అమ్మవారిని మోసినట్టు మూడో అంతస్తుకి మోశారు. పిన్ని దారి పొడుగునా వాళ్ళ పెళ్ళిళ్ళ గురించి ఆరా తీసింది. తీరా బాల్కనీలో కూర్చుని కింద వాకిట్లో నిండిన జనాన్ని చూసేసరికి కంగారు పడింది.

"ఇంతమందేట్రా?"

"నీకేం బయం నేదు పిన్నీ. రోజూ పొద్దున్న ఎలాగ సేత్తావో అలాగే సెయ్యి."

ఈ ఒక్క మాట నా నోట రాకుండా ఉంటే నేను ఇవాళ మీకు చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు.

వాకిట్లో ఇసుక చంద్రుడు, దాని ముందు కుర్చీలో సయామాజీ. ఆవిడ గురించి ఒక్క మాట చెప్పాలి. వంకరగా ఉన్నదాన్ని చూస్తే ఆవిడ చెయ్యి ఆగదు. దారిలో ఎదురైన పిల్లల కాలర్లు సర్దుతారు, గోడ మీది పటాలు సర్దుతారు, నేను నమస్కారం పెడితే నా చొక్కా గుండీ కూడా సర్దారు. ఆవిడ వెనక తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. సయామా మైకు పట్టుకుని, తప్పిపోయిన యంత్రాల గురించి, మూగబోయిన వాటి గురించి చెబుతున్నారు. ఆవిడ వెనకే సైన్సు గది తలుపు తెరిచి ఉంది. తలుపు పక్కన, ఆ సాయంత్రమే లోపల పెట్టడానికి తెచ్చిన కుర్చీల దొంతర్లు.

డబ్బా బయల్దేరింది. బర్మాలో కొత్త కారుకి కట్టినట్టు, వెల్డరు దాని కాలికి ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ ముడేసి కట్టాడు. అది నెమ్మదిగా, తిన్నగా, ఒక్క పిసరు ఊగకుండా దిగి తలంత ఎత్తులో నిలిచింది. నేను దారం చుట్టుకున్న చెయ్యి పైకెత్తాను.

సయామాజీ కుర్చీలోంచి లేచారు. ఎర్ర గుడ్డ ముడి వంకరగా ఉంది. రెండడుగులు వేసి, గుడ్డ పట్టుకుని, కిందికి ఒక్క గుంజు గుంజి సరిచేశారు.

మూడో అంతస్తులో తాడు కదిలింది. కింద నుంచి గుంజితే పిన్ని ఏం చేస్తుంది? రోజూ పొద్దున్న ఏం చేస్తుందో అదే చేసింది.

చంద్రుడి మీద దిగాల్సిన యంత్రం చకచకా ఆకాశంలోకి వెళ్ళిపోయింది. దారం నా చేతిలోంచి జర్రున జారుతోంది. గట్టిగా పట్టుకుంటే పిన్ను ఊడుతుంది, రెండు వీశల రేకు సయామాజీ తల మీద పడుతుంది. వదిలేశాను. జీవితంలో నేను నోరు విప్పకుండా చేసిన మంచి పని అదొక్కటే. డబ్బా బాల్కనీ దాకా వెళ్ళింది. పిన్ని దాన్ని అందుకుని, లోపలికి తొంగి చూసి, రెయిలింగు మీంచి వంగింది.

"ఇందులో ఏటీ నేదేట్రా?"

తెలుగు తెలిసిన నలుగురు నవ్వారు. వాళ్ళని చూసి తెలియని నాలుగొందల మంది నవ్వారు. సయామాజీ చెయ్యి గుడ్డ పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయింది. సయామా ముఖంలో నెత్తురు లేదు. ఆవిడ చూపు కుర్చీల దొంతర్ల వైపు వెళ్ళడం నేను చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాణ్ణి, నాకు ఒక్క హాస్యం తోచలేదు.

సయామా మైకు మళ్ళీ ఎత్తారు.

"ఇది మేం చెయ్యాలనుకున్నది కాదు" అన్నారు. "కానీ ఆ తొలి యంత్రాల్లో ఒకటి ఇదే పని చేసింది. దిగింది. ఇంజను ఆగాల్సిన చోట ఆగలేదు. నేల తాకి మళ్ళీ పైకి ఎగిరింది. ఇంకోసారి దిగి ఇంకోసారి ఎగిరింది. మూడోసారికి కూర్చుంది. కూర్చుని ఫోటోలు తీసింది, నేల గీరి చూసింది. మనమూ ఇంకోసారి దించుదాం."

నవ్వులు ఆగిపోయాయి. నేను పైకి అరిచాను.

"పిన్నీ, మళ్ళీ దించు. ఈసారి లాగొద్దు."

"లాగమన్నది నువ్వే కదరా. కింద నించి గుంజితే లాగొద్దేటి?"

"గుంజింది నాను కాదు."

"ఎవులు గుంజినా గుంజుడు గుంజుడే."

డబ్బా మళ్ళీ బయల్దేరింది. సగం దిగేసరికి చూశాను. దారం పైకి పోయేటప్పుడు మూడో కాలికి చుట్టుకుని ముడిపడిపోయింది. కిందికి వేలాడే కొస లేదు. చెయ్యి చాపి అందుకుందామంటే డబ్బా పట్టుకోవాలి, పట్టుకుంటే పైన ఆవిడ లాగేస్తుంది. దారం లాగే పని నాది కదా, ఆ రోజు ఇంకొకరికి ఇవ్వలేదు కదా. డబ్బా తలంత ఎత్తులో నిలిచింది.

"లాగరా" అంది పిన్ని పైనుంచి.

"దారం సిక్కుపడిపోనాది పిన్నీ."

"నీ బుర్రంత ఎత్తుందా?"

"ఉంది."

"తప్పుకో."

తాడు వదిలేసింది.

పాలడబ్బాలు మూడూ కర్రుమన్నాయి. వెనకే మూడంతస్తుల తాడూ చుట్టలు చుట్టలుగా నా నెత్తి మీద పడింది. తాడు కిందనుంచి చూశాను. డబ్బా నిలబడి ఉంది. ఒక కాలు ఎక్కువ నలిగి కొంచెం ఒరిగింది. పిట్ట కూయలేదు. సయామా పెదవి కొరుక్కుంటున్నారు. వెల్డరు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు లోపల రేకు ఏదో సర్దుకున్న చప్పుడైంది, పిట్ట కూసింది.

ఆ గోలలో సయామాజీ ఇసుక దగ్గరికి వచ్చి వంగారు. ఒరిగిన డబ్బాని చూశారు. చెయ్యి ముందుకి వెళ్ళింది. నేను దణ్ణం పెట్టబోయాను. ఆవిడే చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నారు. తర్వాత సయామా వైపు తిరిగి, "నేను ముట్టుకుంటే అది పైకెందుకు పోయింది?" అని అడిగారు. సయామా చెప్పడం మొదలుపెట్టి, బొమ్మ గీస్తే తప్ప తెలియదని గదిలోకి తీసుకెళ్ళారు. సగం మంది తల్లిదండ్రులు వెనకే వెళ్ళారు. తాడు, కొక్కెం, ఇంజను, చంద్రుడు అన్నీ బోర్డు మీదికెక్కాయి. సాయంత్రానికి ప్లాస్టిక్ కుర్చీలు మెట్ల కిందికి చేరాయి.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో పిన్ని మొదలుపెట్టింది.

"మీ సయామా సెప్పినాది కదా, అక్కడా అలాగే దిగి పైకెగిరినాదని."

"అవును పిన్నీ."

"మరక్కడ పైన ఎవులు లాగినార్రా?"

వెల్డరు ఆవిడ చెవిలో బర్మాలో ఏదో అన్నాడు. పిన్ని నవ్వింది. అదేమిటో నాకు ఇప్పటికీ చెప్పరు.

మీరు పనుల్లోకి వెళ్ళాక ఎవరికైనా పని అప్పగించేటప్పుడు "ఎప్పటిలాగే చెయ్యి" అని మాత్రం అనకండి. వాళ్ళు అచ్చంగా అలాగే చేస్తారు. ఎప్పుడూ ఏం చేస్తారో మీకు సగమే తెలుసు. ఈమధ్య కూడా కొన్ని యంత్రాలు అంత దూరం వెళ్ళి, దిగి, పక్కకి ఒరిగి పడుకున్నాయని ఫోనులో చూశాను. వెల్డరుకి చూపించాను. "పాలడబ్బాలు పెట్టలేదేమో" అన్నాడు.

మరుసటి ఏడు వాన గొట్టాలు బాగుచెయ్యడానికి ఆ బడికి పిలిచారు. పని అయ్యాక సైన్సు గదిలోకి వెళ్ళాను. మైక్రోస్కోపుకి అద్దం వచ్చింది. మా డబ్బా కిటికీ పక్కన, ఒరిగింది ఒరిగినట్టే ఉంది. సయామాజీ అటుగా వచ్చి నా కాలరు సర్దారు. నాకు నోరు ఊరుకోలేదు.

"సయామాజీ, తప్పుగా అనుకోకండి. ఆ రోజు మీరు ఆ గుడ్డ ముట్టుకోకుండా ఉంటే మా డబ్బా మొదటిసారే దిగేది."

"మొదటిసారే దిగి ఉంటే చప్పట్లు కొట్టి వెళ్ళిపోయి, ఇక్కడ కుర్చీలు పెట్టించేదాన్ని" అన్నారావిడ. "అది పైకెందుకు పోయిందో తెలుసుకుందామనే ఈ గదిలో కాలు పెట్టాను. నువ్వు పని సరిగ్గా చేసి ఉంటే ఈ గది ఎప్పుడో పోయేది."